విండోస్ 10 పోయింది, కంప్యూటర్ షాపు ఉంటుందా?

2025 అక్టోబరు 14. ఆ రోజు మన ఫోన్లన్నీ ఒకే వార్తతో మోగిపోయాయి. విశాఖపట్నంలో గూగుల్ ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లు పెట్టి ఏఐ హబ్ కడుతుందట. రూపాయల్లో లక్షా ముప్పై వేల కోట్ల పైమాట. స్టేటస్‌లు, రీల్స్, పార్టీ గ్రూపుల్లో కొట్లాటలు, అన్నీ అయ్యాయి. సరిగ్గా అదే రోజు ఇంకో సంగతి జరిగింది. దానికి ఎవరూ స్టేటస్ పెట్టలేదు. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి సపోర్ట్ ఆపేసింది.

తిరువూరు మెయిన్ రోడ్డు మీద నిలబడి చూస్తే ఈ రెండింట్లో ఏది పెద్ద వార్త? నన్నడిగితే రెండోదే. విశాఖ హబ్ వల్ల మనకేం ఒరుగుతుందో తేలడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. విండోస్ 10 సంగతి అలా కాదు. పురుగుమందుల కొట్లో, స్కూలు ఆఫీసులో, ఆడిటర్ గారి గదిలో, ల్యాబ్‌లో అది నడుస్తున్న ప్రతి కంప్యూటరూ ఆ రోజు నుంచి పాత తాళం వేసిన ఇల్లే. పనిచేస్తుంది, తలుపు కూడా పడుతుంది. కొత్త దొంగ వస్తే కొత్త తాళం వేసిచ్చేవాడు మాత్రం లేడు.

ఆ తాళాలు చూసే వాళ్ల గురించే ఈ వారం. అంటే మన ఊళ్లలో ఇద్దరో ముగ్గురో కలిసి నడిపే కంప్యూటర్ షాపులు, సర్వీస్ సెంటర్లు, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న కంపెనీలు.

ఎందుకంటే ఈ మధ్య జూనియర్ల నుంచి ఒకే ప్రశ్న తిప్పి తిప్పి వస్తోంది. 2025 జులైలో టీసీఎస్ పన్నెండు వేల మందికి పైగా తీసేస్తామని చెప్పినప్పటి నుంచి అది ఇంకా పెరిగింది. "అన్నా, ఊరికొచ్చేసి కంప్యూటర్ షాపు పెడితే ఎలా ఉంటుంది? నాన్న ఓ ఐదు లక్షలు సర్దుతానంటున్నాడు." ఆ ఐదు లక్షలు ఎక్కడివో నాకు తెలుసు. మామిడి తోట మీద వచ్చినవి, లేదా చెల్లెలి పెళ్లికని దాచినవి. కాబట్టి "ప్యాషన్ ఉంటే చాలు తమ్ముడూ" అని చెప్పి తప్పుకోలేం.

ముందు మన ఊళ్లలో ఈ వ్యాపారం ఎలా నడిచిందో గుర్తు చేసుకోండి. టైపు ఇన్‌స్టిట్యూట్ల పక్కన కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లు వచ్చాయి. పీజీడీసీఏ, ఎంఎస్ ఆఫీస్, గోడకి తగిలించుకునే సర్టిఫికెట్. తర్వాత డీటీపీ. తర్వాత నెట్ సెంటర్లు. ఎంసెట్ ర్యాంకు చూడాలన్నా, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టాలన్నా ఆ ప్లైవుడ్ అరల ముందు వరస కట్టాల్సిందే. మధ్యలో మెమొరీ కార్డులో పాటలెక్కించే వ్యాపారం ఓ వెలుగు వెలిగింది. కార్డుకి ఇంత అని తీసుకుని, ఏ హీరో పాటలు కావాలో అడిగి మరీ ఎక్కించేవాళ్లు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. పాటలూ నెట్టూ ఒకే దెబ్బకి జేబులోకి వచ్చేశాయి. అరలన్నీ పీకేసి ఆ చోట జిరాక్స్ మిషన్ పెట్టారు.

ఆ దెబ్బని చాలామంది తట్టుకున్నది మీసేవ వల్ల. 2011 నవంబరు 4న చిత్తూరు జిల్లాలో మొదలై తర్వాత రాష్ట్రమంతా పాకింది. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, అడంగల్, ఏది కావాలన్నా మీసేవ సెంటరే. కొన్నేళ్లు బాగానే గడిచింది. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. రాష్ట్రం మొత్తం మీద పదిహేను వేల దాకా. మీసేవకి వచ్చే జనం అటు మళ్లారు. 2025 జనవరి 30న మన మిత్ర పేరుతో వాట్సాప్‌లోనే 161 సేవలు పెట్టారు. ఆ ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు కూడా వాట్సాప్‌లోనే వచ్చాయి. "హాయ్" అని కొడితే చాలు.

ఇందులో ఎవరినీ తిట్టాల్సింది లేదు. జనానికి ఇది మేలే. అదే సర్టిఫికెట్ కోసం బస్సెక్కి వచ్చి, సర్వర్ డౌన్ అనిపించుకుని వెనక్కి పోయిన వాళ్లని అడగండి, చెప్తారు. నేను చూస్తున్నది షాపు వైపు నుంచి. జరిగిన వాటన్నింటిలో ఒకటే లక్షణం ఉంది. గేటు ఇంకొకరిది. ఆ గేటు ఇరుగ్గా ఉన్నంతకాలం పక్కన బల్ల వేసుకుని కూర్చున్న వాడికి గిరాకీ. గేటు యజమాని ఒకరోజు దాన్ని వెడల్పు చేస్తాడు. చెయ్యడం అతని హక్కు. బల్ల వేసుకున్న వాడికి ముందుగా ఉత్తరం రాయడు.

దీన్ని గేటు వ్యాపారం అందాం. రోజువారీ ఖర్చులకి అది మంచి డబ్బే, వద్దనను. దాని మీద నమ్మకం పెట్టి ఐదేళ్ల అప్పు మాత్రం తీసుకోకూడదు. "చదువు రాని పెద్దవాళ్లు ఎప్పుడూ ఉంటారుగా అన్నా" అని ఒకతను వాదించాడు. ఉంటారు. వాళ్లకి ఫోన్ చేతిలో పట్టుకుని తిరిగే మనవళ్లు కూడా ఉంటారు.

మరి గేటు కాని వ్యాపారం ఏది? దానికి మన కళ్ల ముందున్న ఉదాహరణ టాలీ. 1986లో బెంగళూరులో శ్యామ్‌సుందర్ గోయెంకా, ఆయన కొడుకు భరత్ గోయెంకా మొదలుపెట్టారు. తండ్రికి మిల్లులకి ముడిసరుకు, విడిభాగాలు సరఫరా చేసే వ్యాపారం. ఆ లెక్కలకి సరిపోయే సాఫ్ట్‌వేర్ దొరక్క కొడుకు చేత రాయించారు. అప్పుడు డాస్. తర్వాత విండోస్ వచ్చింది. మన రాష్ట్రంలో 2005 ఏప్రిల్ 1న వ్యాట్ వచ్చింది. 2017 జులై 1న జీఎస్టీ వచ్చింది. ఇన్నిసార్లు నేల కదిలినా కంపెనీ నిలబడింది, ఎందుకంటే వాళ్లు పట్టుకున్నది జమా ఖర్చు. ఏ కంప్యూటర్ వచ్చినా, ఏ పన్ను వచ్చినా కొట్టువాడు రాత్రికి జమా ఖర్చు చూసుకోకుండా పడుకోడు. పైగా పన్ను రూలు మారిన ప్రతిసారీ మిగతా వాళ్లకి తలనొప్పి, టాలీకి కొత్త వెర్షన్ అమ్ముకునే సీజన్. చిన్న ఊళ్లలో టాలీ పార్ట్‌నర్లుగా ఉన్న వాళ్లు కూడా ఈ లెక్క మీదే బతుకుతున్నారు. లైసెన్సు ఒకసారి అమ్ముతారు, రెన్యూవల్ ఏటా వస్తుంది.

పెద్ద కంపెనీలకీ ఇదే పరీక్ష ఎదురైంది. ఇంకా వెనక్కి వెళ్తే మన హైదరాబాద్‌లోనే ఒక కథ ఉంది. ఈసీఐఎల్ అనగానే మనకి బస్సు బోర్డు మీద పేరే గుర్తొస్తుంది. 1967లో ఆ సంస్థని నిలబెట్టింది అయ్యగారి సాంబశివరావు గారు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు ఆయన ఊరు. ఏఎస్ రావు నగర్ ఆయన పేరు మీదే. 1969లో ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ బయటికొచ్చింది. దేశంలో తయారై అమ్మకానికి వచ్చిన తొలి కంప్యూటర్లలో అదొకటి. 1978లో ఐబీఎం దేశం వదిలి వెళ్లిపోయింది కూడా. ఇంక మనదే రాజ్యం అనుకునే పరిస్థితి. కానీ 1984 తర్వాత విధానాలు సడలాయి. విడిభాగాలు తెప్పించి పీసీలు బిగించి అమ్మే కంపెనీలు పుట్టుకొచ్చాయి. కంప్యూటర్ తయారీలో ఈసీఐఎల్ పేరు వెనక్కి పోయింది. సంస్థ మాత్రం పోలేదు. అణు విద్యుత్ కేంద్రాల కంట్రోల్ పరికరాలు, ఓటింగ్ యంత్రాలు దాన్ని నిలబెట్టాయి. 1979లో ఈవీఎం నమూనా తయారు చేసింది వాళ్లే. 1982లో కేరళలోని పరవూరులో ఈవీఎంలతో తొలిసారి ఓటు వేశారు. అమ్మే పెట్టె మారింది. "ఇది చెడిపోకూడదు" అనే చోట పని చెయ్యగల చెయ్యి మాత్రం వాళ్లదే, అదే మిగిలింది.

సరే, మళ్లీ మన షాపుకి వద్దాం. ఇప్పుడు టెక్నాలజీ ఎటు పోతోందని యూట్యూబ్‌లో వెతికితే రోజుకో కొత్త పేరు వస్తుంది. అవన్నీ ముందే కనిపెట్టడం నా వల్ల కాదు, ఆ వీడియో చేసినతని వల్లా కాదు. కానీ ఒక తమాషా ఉంది. కొత్తది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు గానీ, పాతది ఎప్పుడు పోతుందో ముందే రాసిపెడతారు. విండోస్ ఎక్స్‌పీ 2014 ఏప్రిల్ 8న పోయింది. విండోస్ 7 2020 జనవరి 14న పోయింది. విండోస్ 10 పోయే తేదీని మైక్రోసాఫ్ట్ అది వచ్చిన 2015లోనే ప్రకటించింది. పదేళ్లు ముందే! పెళ్లి ముహూర్తం కూడా మనకి అంత ముందు దొరకదు. అయినా ఆ అక్టోబరు దాకా ఎన్ని షాపులు తమ కస్టమర్లకి ఆ మాట చెప్పాయి?

చెప్పి ఉంటే ఏం చెప్పాలి? విండోస్ 11 అధికారికంగా ఎక్కాలంటే ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 చిప్ ఉండాలి. ఎనిమిదో తరం వచ్చిందే 2017లో. అంతకు ముందు కొన్న నాలుగో తరం, ఆరో తరం ఐ3 మిషన్లు మన ఊళ్లో కోకొల్లలు. అవి ఇంకా బాగానే నడుస్తున్నాయి. యజమానికి మార్చాలని కూడా లేదు. అలాంటి మిషన్‌కి మూడు దారులున్నాయి. ఒకటి, మైక్రోసాఫ్ట్ ఇస్తున్న పొడిగింపు. ఇళ్లలో వాడే కంప్యూటర్లకి 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ అయి సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే ఉచితం, లేదంటే 30 డాలర్లు. వ్యాపార సంస్థలకి వేరే రేటు, కంప్యూటర్‌కి ఏడాదికి 61 డాలర్లు, ఏటా అది రెట్టింపవుతుంది. రెండు, లైనక్స్ మింట్ లాంటిది వెయ్యడం. బ్రౌజర్, మెయిల్, వర్డ్ పనులు చేసుకునే స్కూలు ఆఫీసుకి హాయిగా సరిపోతుంది. టాలీ ఉన్న కొట్టుకి, అను ఫాంట్లు వాడే డీటీపీకి సరిపోదు, అవి విండోస్ మీద బతికే ప్రాణులు. మూడు, కొత్త మిషన్ కొనడం.

ఆ మూడో దారిలో ఇప్పుడో రాయి పడింది. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు ఎలా ఎగిరాయో షాపులో అడిగిన వాళ్లకి తెలుసు. ప్రపంచంలో ర్యామ్ చిప్పులు చేసే పెద్ద కంపెనీలు మూడే: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. ఏఐ సర్వర్లకి కావాల్సిన ఖరీదైన మెమొరీ మీద లాభం ఎక్కువ కాబట్టి ముగ్గురూ అటు తిరిగారు. 2025 డిసెంబరు 3న మైక్రాన్ ఏకంగా క్రూషియల్ బ్రాండ్ వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు చెప్పింది. మన షాపుల్లో అద్దాల బీరువాలో కనపడే అదే క్రూషియల్. ఇప్పుడు మొదట్లో చెప్పుకున్న ఆ రెండు వార్తల్ని పక్కపక్కన పెట్టి చూడండి. విశాఖ లాంటి చోట్ల లేచే డేటా సెంటర్లన్నీ కలిసి ర్యామ్ లాగేసుకుంటున్నాయి. ఆ లాగుడికి తిరువూరులో డిగ్రీ చదివే పిల్ల కొనాల్సిన కంప్యూటర్ రేటు పెరుగుతోంది. ఏఐ హబ్ మన దాకా వచ్చిన మొదటి రూపం ఇదే కావచ్చు.

అంచేత, కొత్త మిషన్లు బిగించి అమ్మడమే వ్యాపారం అనుకుని ఐదు లక్షలకి సరుకు దింపకండి. ఇవాళ రేటు పెరిగిందని సరుకు దాచుకుంటే లాభం అనిపిస్తుంది. రేపు పడితే అదే సరుకు మెడకి చుట్టుకుంటుంది. రెండూ మన చేతిలో లేవు. కస్టమర్‌కి ఇచ్చే కొటేషన్ మీద "మూడు రోజులు మాత్రమే" అని రాయండి. ఉన్న మిషన్‌కి హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేసి ఇంకో రెండు మూడేళ్లు నడిపించే పని ఇప్పుడు కస్టమర్‌కీ లాభం, మీకూ లాభం.

ఇక అసలు డబ్బు ఎక్కడుందో చూద్దాం. లెక్క కోసం అనుకుందాం. ఒక కొత్త పీసీ అమ్మితే మీకు వెయ్యో, రెండు వేలో మిగిలింది. నెలకి 30 వేలు రావాలంటే కనీసం పదిహేను అమ్మాలి. తిరువూరులో ప్రతి నెలా పదిహేను? ఆన్‌లైన్‌లో రేటు చూసుకుని వచ్చి మరీ బేరమాడే కాలంలో? ఇంకో లెక్క. కంప్యూటర్‌కి నెలకి 200 చొప్పున ఏడాదికి 2,400 తీసుకుని బాధ్యత మొత్తం మీరు పెట్టుకున్నారు. 150 కంప్యూటర్లుంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు, అంటే నెలకి అదే 30 వేలు. అమ్మకాలు, రిపేర్లు దాని పైన. మొదటి ఏడాదే 150 రావు. ముప్పై వస్తే గొప్ప. కానీ వచ్చిన ముప్పైలో ఇరవై ఐదు మరుసటి ఏడు కూడా ఉంటాయి, మీరు పని చేస్తే.

"మా ఊళ్లో సర్వీసుకి ఎవడూ డబ్బులివ్వడన్నా. ఫార్మాట్ కొట్టడానికి 300 అంటేనే ఏడుస్తారు." ఈ మాట నేనూ వింటూనే ఉన్నా. కానీ అదే మనిషి ఇంట్లో వాటర్ ఫిల్టర్‌కి ఏడాది కాంట్రాక్టు కట్టాడు. ఎందుకంటే ఫిల్టర్ ఆయన మూడు నెలలకోసారి వచ్చి, నల్లబడ్డ క్యాండిల్ తీసి చూపించి పోతాడు. మనం చేసే పని కంటికి కనపడదు. కాబట్టి కనపడేలా చెయ్యాలి. నెలకోసారి వాట్సాప్‌లో ఒక్క పేజీ పంపండి. బ్యాకప్ ఏ తేదీన తీశాం, దాన్ని వేరే మిషన్‌లో తెరిచి చూశామా లేదా, డిస్క్ ఆరోగ్యం ఎలా ఉంది, ఏ సాఫ్ట్‌వేర్ గడువు ఎప్పుడు ముగుస్తుంది. పదే పది లైన్లు. తెరిచి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కెయ్యను. మార్చి నెలాఖరున హార్డ్ డిస్క్ పోయిన వ్యాపారి ముఖం ఎప్పుడైనా చూశారా? ఆ రోజు అతను ఎంత అడిగితే అంత ఇస్తాడు, కానీ ఆ రోజు మీరు ఇవ్వగలిగింది ఏమీ ఉండదు.

క్రాక్ సాఫ్ట్‌వేర్ సంగతి కూడా ఇక్కడే అనేస్తా. కస్టమర్ అడిగాడని క్రాక్ చేసిన విండోస్, క్రాక్ చేసిన ఫొటోషాప్ ఎక్కించి ఇవ్వడం మన దగ్గర మామూలే. చేతికి వంద రూపాయలు వస్తాయి. కానీ ఆ క్రాక్‌తో పాటు ఏం వచ్చిందో ఎక్కించిన వాడికీ తెలీదు. అవతలి వాళ్ల కంప్యూటర్ బాధ్యత నాదే అని ఏడాది డబ్బు తీసుకునే వాడు ఆ పని చెయ్యలేడు. రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి.

ఇంకోటి, మీ అందరికీ సంబంధించింది. ఆధార్ ప్రింట్ కోసం షాపు నంబరుకి వాట్సాప్ చేస్తారు కదా. ఆ ఫొటో ఎక్కడికి పోయింది? ఆ షాపు కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డర్లో ఉంది. మీది, మీ అమ్మది, పక్కింటి వాళ్లది, పాన్ కార్డులు, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీలు, ఏళ్ల తరబడి. 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో దాని రూల్స్ నోటిఫై అయ్యాయి. అసలు బాధ్యతలు పద్దెనిమిది నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నాటికి అమల్లోకి రావాలి. డేటాని సరిగ్గా కాపాడకపోతే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా అని చట్టంలో ఉంది. మన జిరాక్స్ షాపుకి 250 కోట్లు వేస్తారని నేననడం లేదు. కానీ సాయంత్రం షట్టర్ దించే ముందు ఆ రోజు ఫైళ్లు తుడిచేసి, ఆ మాట గోడ మీద బోర్డు రాసి పెట్టే మొదటి షాపుకి తిరువూరులో ఏం పేరొస్తుందో ఊహించండి. దానికి ఖర్చు సున్నా. అంతేకాదు, ఊళ్లో ఉన్న ల్యాబ్‌లు, చిట్ ఫండ్ ఆఫీసులు, స్కూళ్లు అన్నీ రేపు ఈ పని ఎవరికైనా అప్పగించాల్సిందే. వాళ్లకి విజయవాడ నుంచి ఒకతను రావాలా, మెయిన్ రోడ్డు నుంచి మీరు వెళ్తారా?

సాఫ్ట్‌వేర్ రాసిచ్చే చిన్న కంపెనీల సంగతి వేరు, వాళ్ల నెత్తిన పడ్డది ఏఐ. ఒక ఫైనలియర్ కుర్రాడు ఏఐ టూల్ పెట్టుకుని శని, ఆదివారాల్లో ఒక బిల్లింగ్ యాప్ తయారు చేసేస్తున్నాడు. నేను చేసే ఉద్యోగంలోనూ కోడ్ రాసే భాగం చవకైపోయింది, ఏం రాయాలో తెలుసుకునే భాగమే మిగిలింది. మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఊరూరా అమ్ముదామనుకుంటే అది అయిపోయిన వ్యాపారం. కానీ తిరువూరు కొట్లకి మాత్రమే ఉన్న చిక్కులు తెలిసిన వాడికి ఇది మంచి కాలం. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

మన ఊరు ఎక్కడుంది? ఎన్టీఆర్ జిల్లా అంచున. జాతీయ రహదారి మీద కొత్తగూడెం వైపు కాస్త పోతే పెనుబల్లి, ఖమ్మం జిల్లా, తెలంగాణ. అటు ఊళ్ల రైతులు ఇటు కొట్లకి రావడం రాష్ట్రం విడిపోక ముందు నుంచీ ఉన్నదే. 2014 జూన్ 2 తర్వాత మనుషులు మారలేదు, కాగితాలు మారాయి. జీఎస్టీ నంబరు ముందు మనకి 37, వాళ్లకి 36. పక్క ఊళ్లో వ్యాపారికి సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. బిల్లులో రెండు పన్నుల బదులు ఐజీఎస్టీ పడాలి. సరుకు విలువ 50 వేలు దాటితే ఈ-వే బిల్లు కావాలి. కాంపొజిషన్ స్కీములో ఉన్న కొట్టువాడైతే అసలు అలా అమ్మకూడదు. భూమి కాగితాలదీ అదే కథ. ఇటు మీభూమి, అటు 2020లో ధరణి, 2025 ఏప్రిల్ 14 నుంచి భూభారతి. రెండు వైపులా పొలమున్న రైతు కుటుంబానికి రెండు ప్రపంచాలు. హైదరాబాద్‌లో కూర్చుని యాప్ రాసేవాడికి ఈ సరిహద్దు ఒక డ్రాప్‌డౌన్ మెనూ. మనకి అది రోజూ కౌంటర్ దగ్గర జరిగే గొడవ.

పురుగుమందులు, విత్తనాల కొట్టు తీసుకోండి. విత్తనానికి లాట్ నంబరు, మందుకి బ్యాచ్ నంబరు, గడువు తేదీ. మిరప మొలవకపోతే, కాపు రాకపోతే రైతు చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం లాట్ నంబరు ఉన్న బిల్లు. తెల్ల కాగితం మీద "విత్తనాలు, ఇంత" అని రాసిస్తే ఆ రైతు ఎవరి దగ్గరికి వెళ్లి ఏం అడుగుతాడు? ఇక అరువు. ఈ కొట్లలో అమ్మకం జూన్‌లో, వసూలు పంట చేతికొచ్చాక. నెల నెలా గుర్తుచేసే ఖాతా యాప్‌లు బజార్లో బోలెడున్నాయి. రైతుకి నెల లెక్క ఉండదు, పంట లెక్క ఉంటుంది. పత్తికి ఒక గడువు, మిర్చికి ఒక గడువు. ఆ కుటుంబంలో అన్నదమ్ములు ముగ్గురూ ఒకే ఖాతా మీద తీసుకుంటారు, విడిపోయాక గొడవ. మామిడి దగ్గరికి వస్తే ఇంకో రకం. తోట గుత్తకి తీసుకున్న వ్యాపారి పూత మీదే అడ్వాన్సు ఇస్తాడు, కాయ దిగాక కాటా, తరుగు, కూలి, లారీ బాడుగ, కమీషన్. ఇదంతా ఇప్పుడు చిట్టా పుస్తకంలో, గుమస్తా బుర్రలో ఉంది. గుమస్తాకి జ్వరమొస్తే వ్యాపారం ఆగుతుంది.

ఈ లెక్క తెలుసుకోవడానికి కోడింగ్ అక్కర్లేదు. ఒక సీజన్ మొత్తం ఆ కొట్లో స్టూలు వేసుకుని కూర్చోవాలి. అది విసుగు పని, అందుకే పెద్ద కంపెనీ ఎవరూ చెయ్యరు. చేసినవాడి దగ్గర ఆ తర్వాత ఉండే ఆస్తి యాప్ కాదు, ఏ కొట్టులో ఏ చిక్కు వస్తుందో తెలియడం. ఆ యాప్‌ని ఐదేళ్ల తర్వాత ఫోన్లో రాస్తారా, మాటతో చెప్తే అదే రాసుకుంటుందా, నాకు తెలీదు. ఏదైనా తరుగు ఎంత తియ్యాలో దానికి ఒకరు చెప్పాల్సిందే.

జోహోని చూపించి "చిన్న ఊళ్లో కూడా పెద్ద కంపెనీ పెట్టొచ్చు" అనే వీడియోలు మీకు వచ్చి ఉంటాయి. తెన్‌కాశిలో ఉంది నిజమే, మన రేణిగుంటలోనూ ఆఫీసు ఉంది. కానీ వాళ్లు 1996లో మొదలుపెట్టి టెలికాం కంపెనీలకి సాఫ్ట్‌వేర్ అమ్మి, 2001 ప్రాంతంలో ఆ మార్కెట్ కూలిపోతే వేరే దారి వెతుక్కుని, ఆ తర్వాత ఎన్నో ఏళ్లకి ఊళ్లలోకి వచ్చారు. ఐదు లక్షల షాపుకి ఆ కొలత పెట్టుకోవద్దు. వాళ్ల నుంచి తీసుకోగలిగింది ఒకటే: బయటి పెట్టుబడి తీసుకోలేదు కాబట్టి మార్కెట్ కూలిన రోజున ఎవరికీ సమాధానం చెప్పాల్సిన పని లేక, దారి మార్చుకునే టైము దొరికింది. మీ షాపు భాషలో చెప్పాలంటే, మొదటి రెండేళ్లు అప్పు మీద ఏసీ, గ్లాసు డోరు వద్దు.

షాపు పెట్టాలనుకునే తమ్ముళ్లకి, ఉన్న షాపు మూసేద్దామా అనుకుంటున్న అన్నలకి ఈ వారం ఒక పని. ఒక నోట్‌బుక్ పట్టుకుని మెయిన్ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివరకి, సందుల్లోకి కూడా వెళ్లండి. ఏమీ అమ్మొద్దు. ప్రతి కొట్లో, స్కూల్లో, క్లినిక్‌లో నాలుగే అడగండి. ఎన్ని కంప్యూటర్లు? ఏ సంవత్సరంలో కొన్నారు? ఏ విండోస్? చివరిసారి బ్యాకప్ ఎప్పుడు తీశారు? నాలుగో ప్రశ్నకి చాలామంది నవ్వుతారు, రాసుకోండి. పొడిగింపు గడువు 2026 అక్టోబరు 13. దానికి రెండు నెలల ముందే, ఆగస్టులో, ఆ నోట్‌బుక్‌తో మళ్లీ అదే కొట్లకి వెళ్లాలి.